కెన్‌హార్ట్ సోలార్ ప్లాంటు: 540 మెగావాట్ల పలకలు, 150 మెగావాట్ల మాట

దక్షిణాఫ్రికాలో నార్తర్న్ కేప్ అనే రాష్ట్రం ఉంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ కలిపినా దాని విస్తీర్ణానికి సరిపోవు. జనం మాత్రం పదమూడు లక్షల పైచిలుకు. మన విశాఖపట్నం ఒక్క నగరంలోనే అంతకంటే ఎక్కువ మంది ఉంటారు. వాన చాలా తక్కువ, ఎండ చాలా ఎక్కువ. కనుచూపు మేర రాళ్ల నేల, గొర్రెల మేత భూములు. ఉపింగ్టన్ పట్టణం నుంచి దక్షిణంగా వంద కిలోమీటర్లు దాటి వెళితే కెన్‌హార్ట్ అనే చిన్న ఊరు వస్తుంది. దాని దగ్గరే నార్వేకి చెందిన స్కాటెక్ కంపెనీ, స్థానిక భాగస్వామి హెచ్1 హోల్డింగ్స్‌తో కలిసి ఒక పెద్ద సోలార్ ప్లాంటు కట్టింది. 2023 డిసెంబరులో అది కరెంటు అమ్మడం మొదలుపెట్టింది.

ఆ ప్లాంటు గురించి రాసే ప్రతిచోటా మూడు అంకెలు కనిపిస్తాయి. పలకల సామర్థ్యం 540 మెగావాట్లు. బ్యాటరీలు 225 మెగావాట్లు, 1,140 మెగావాట్ గంటలు. ప్రభుత్వ విద్యుత్ సంస్థ ఎస్కామ్‌కి ఇస్తామని రాసుకున్నది 150 మెగావాట్లు.

ఈ మూడూ పక్కపక్కన చూసినవాళ్లు రెండు రకాలుగా పొరబడతారు. కొందరు 540 చూసి ఒక థర్మల్ యూనిట్‌కి సమానం అనుకుంటారు. ఇంకొందరు 540 పెట్టి 150 ఇవ్వడమేంటి, ఎక్కడో ఏదో మతలబు ఉంది అంటారు. నిజానికి 540 ఎందుకు 150 అయిందో అర్థమైతే, సోలార్ కరెంటు గురించి మన దగ్గరా బయటా జరిగే వాదాల్లో సగం వాటంతట అవే విడిపోతాయి. అందుకే ఈ ఒక్క ప్లాంటునే పట్టుకుని కాస్త నిదానంగా చూద్దాం.

మెగావాట్ వేరు, మెగావాట్ గంట వేరు

మన ఇళ్లలో ఉండే ఇన్వర్టర్ బ్యాటరీతో మొదలుపెడదాం. మామూలుగా అది 12 వోల్టులు, 150 ఆంపియర్ అవర్లు. రెండూ గుణిస్తే 1,800 వాట్ గంటలు, అంటే 1.8 యూనిట్లు. కరెంటు పోయినప్పుడు రెండు ఫ్యాన్లు, నాలుగు ట్యూబ్‌లైట్లు వేశామనుకోండి. ఫ్యానుకు 75, ఎల్‌ఈడీ ట్యూబ్‌కు 20 చొప్పున మొత్తం 230 వాట్లు. బ్యాటరీని అడుగంటా వాడలేం కాబట్టి 1.4 యూనిట్లు దక్కుతాయనుకుంటే ఆరు గంటలు గడుస్తుంది. అదే ఇన్వర్టర్ మీద మిక్సీ వేస్తే బీప్ బీప్ మని అరుస్తుంది. బ్యాటరీలో కరెంటు ఉన్నా, ఒక్కసారిగా అంత ఇచ్చే శక్తి దానికి లేదు.

ఇక్కడ రెండు కొలతలు ఉన్నాయి. ఒక క్షణంలో ఎంత ఇవ్వగలదు అన్నది వాట్. మొత్తం మీద ఎంత ఇవ్వగలదు అన్నది వాట్ గంట. పంపు ఎంత జోరుగా పోస్తుంది అన్నది మొదటిది, ట్యాంకులో ఎన్ని నీళ్లున్నాయి అన్నది రెండోది. కెన్‌హార్ట్ బ్యాటరీకి రెండు అంకెలు ఉన్నది ఇందుకే. 225 మెగావాట్లు దాని జోరు. 1,140 మెగావాట్ గంటలు దాని ట్యాంకు. ఒక మెగావాట్ గంట అంటే వెయ్యి యూనిట్లు, కాబట్టి నిండా ఉన్నప్పుడు ఆ బ్యాటరీలో పదకొండు లక్షల నలభై వేల యూనిట్లు ఉంటాయి.

వార్తల్లో చాలాసార్లు ‘ఇన్ని మెగావాట్ల బ్యాటరీ’ అని రాసి ఊరుకుంటారు. ఎన్ని గంటలకో చెప్పకపోతే ఆ వార్తలో సగమే ఉన్నట్టు.

పలక మీద రాసిన వాట్లు ఎప్పుడు వస్తాయి?

కెన్‌హార్ట్‌లో దాదాపు పది లక్షల పలకలు ఉన్నాయి. 540 మెగావాట్లను పది లక్షలతో భాగిస్తే పలకకు 540 వాట్లు. ఈ రోజుల్లో మన మేడల మీద బిగిస్తున్నవీ ఇంచుమించు ఆ సైజువే. ఎడారిలో ఉన్న పలకకూ మన డాబా మీది పలకకూ జాతిలో తేడా లేదు, లెక్కలో తప్ప.

ఆ 540 వాట్లు ఫ్యాక్టరీ పరీక్ష గదిలో తేల్చిన అంకె. చదరపు మీటరుకు వెయ్యి వాట్ల వెలుగు, పలక లోపలి ఉష్ణోగ్రత 25 డిగ్రీలు ఉన్నప్పుడు అంత వస్తుంది. నడినెత్తిన ఎండ ఉన్నప్పుడు నల్లటి పలక 25 డిగ్రీల దగ్గర ఎందుకుంటుంది? 60 డిగ్రీలు సులువుగా దాటుతుంది. వేడి ఒక డిగ్రీ పెరిగితే సుమారు 0.35 శాతం కరెంటు తగ్గుతుంది. 35 డిగ్రీలు ఎక్కువైతే 12 శాతం పోయినట్టే. ఎండ ఎంత మండితే సోలార్ అంత బాగా పనిచేస్తుందనే నమ్మకం అందుకే పూర్తి నిజం కాదు. పలకకు కావలసింది వెలుగు. వేడి దానికి ఇబ్బంది.

పైగా పొద్దున్నా సాయంత్రం వెలుగు ఏటవాలుగా పడుతుంది. రాత్రి అసలే లేదు. ఇవన్నీ కలిపి లెక్కవేయడానికి ఒక సులువు పద్ధతి ఉంది. రోజంతా వచ్చిన కరెంటును పలక సామర్థ్యంతో భాగిస్తే ‘ఎన్ని గంటలు నిండుగా పనిచేసినట్టు’ అనేది వస్తుంది. మన ప్రాంతంలో మేడ మీది పలకలకు ఇది సగటున నాలుగు గంటల దగ్గర ఉంటుంది. అందుకే 3 కిలోవాట్లు పెట్టించుకున్న ఇంట్లో రోజుకు పన్నెండు యూనిట్లు వస్తాయి. నార్తర్న్ కేప్‌లో ఆకాశం ఎక్కువ రోజులు నిర్మలంగా ఉంటుంది, కాబట్టి చలికాలంలో కూడా అయిదు గంటలు వేసుకుందాం. ఇది మన లెక్క కోసం అనుకున్నది. 540ని అయిదుతో గుణిస్తే రోజుకు 2,700 మెగావాట్ గంటలు.

ఈ అంకెను గుర్తుపెట్టుకోండి.

పొద్దున అయిదు నుంచి రాత్రి తొమ్మిదిన్నర దాకా

దక్షిణాఫ్రికాలో కరెంటు కోతను ‘లోడ్ షెడ్డింగ్’ అంటారు. 2007 చివరలో, 2008 మొదట్లో అది పెద్దగా మొదలైంది. 2008 జనవరిలో బంగారు గనులే కొన్ని రోజులు పని ఆపాల్సి వచ్చింది. తర్వాత దానికి స్టేజీలు పెట్టారు. స్టేజ్ 1 అంటే దేశం మొత్తం మీద వెయ్యి మెగావాట్ల కోత. స్టేజ్ 2 అంటే రెండు వేలు. స్టేజ్ 6 అంటే ఆరు వేలు. ప్రతి ప్రాంతానికీ విడతల వారీగా కోత వేళలు ముందే చెబుతారు. 2023లో మూడు వందల రోజులకు పైగా ఏదో ఒక స్టేజ్ నడిచింది. డర్బన్ చుట్టుపక్కల తరాలుగా ఉంటున్న తెలుగు మూలాల కుటుంబాలు, ఉద్యోగాలకని జోహానెస్‌బర్గ్ వెళ్లిన మనవాళ్లు, అందరూ పొద్దున లేవగానే ఫోన్లో ఈ వేళలు చూసుకునే అలవాటు చేసుకున్నారు. 2012లో మన ఊళ్లలో పవర్ హాలిడేలు, రాత్రిపూట వచ్చే మూడు ఫేజుల కరెంటు కోసం రైతులు చీకట్లో పొలం గట్ల మీద ఎదురుచూడటం గుర్తున్నవాళ్లకు ఈ బాధ వివరంగా చెప్పక్కర్లేదు.

ఆ దేశంలో కరెంటులో ఎనభై శాతానికి పైగా బొగ్గు నుంచి వస్తుంది. పాత బొగ్గు కేంద్రాలు తరచూ మొరాయించేవి. కొత్తగా కట్టిన మెదుపి, కుసిలె అనే రెండు భారీ కేంద్రాలు ఏళ్ల తరబడి ఆలస్యమయ్యాయి, పూర్తయ్యాక కూడా ఇబ్బంది పెట్టాయి. ఈ పరిస్థితిలో 2020 ఆగస్టులో ప్రభుత్వం రెండు వేల మెగావాట్లకు అత్యవసర టెండరు పిలిచింది. గాలి, ఎండ, గ్యాస్, బ్యాటరీ, ఏది వాడతారో కంపెనీ ఇష్టం. షరతు మాత్రం గట్టిది: పొద్దున అయిదు గంటల నుంచి రాత్రి తొమ్మిదిన్నర దాకా, ఎస్కామ్ అడిగినప్పుడు అడిగినంత ఇవ్వాలి.

ఆ వేళలు ఊరికే పెట్టలేదు. పొద్దున స్నానాలకు వేడినీళ్లు, వంట, ఆఫీసులు, ఫ్యాక్టరీలు మొదలయ్యే వేళ ఒక ఒత్తిడి. సాయంత్రం జనం ఇళ్లకు చేరి స్టవ్వులు, హీటర్లు, టీవీలు ఒకేసారి వేసే వేళ ఇంకో ఒత్తిడి. దక్షిణాఫ్రికాలో వంట చాలా ఇళ్లలో కరెంటు మీదే కాబట్టి సాయంత్రం ఒత్తిడి మరీ ఎక్కువ. ఈ రెండూ సూర్యుడు తక్కువగా ఉన్న, లేదా అసలు లేని వేళలే.

జూన్ నెలలో ఒక రోజు

మామూలు సోలార్ ప్లాంటు ఈ షరతును ఎన్నటికీ తీర్చలేదు. కెన్‌హార్ట్ ఎలా తీరుస్తుందో చూడాలంటే ఏడాదిలో అన్నిటికంటే కష్టమైన రోజును తీసుకోవాలి. భూమధ్యరేఖకు దిగువన కాబట్టి అక్కడ జూన్ నెల నడి చలికాలం. కెన్‌హార్ట్‌లో జూన్‌లో సూర్యుడు ఏడున్నర ప్రాంతంలో ఉదయిస్తాడు, సాయంత్రం అయిదూ ముప్పావు లోపే అస్తమిస్తాడు.

పొద్దున అయిదు. చిమ్మచీకటి, చలి. మాట ప్రకారం 150 మెగావాట్లు వెళ్లాలి. పలకల నుంచి సున్నా. మొత్తం బ్యాటరీ నుంచే. ఎనిమిది గంటలకు ఎండ కాస్త నిలదొక్కుకుంటుందనుకుంటే, అప్పటికి మూడు గంటలు. మూడు నూట యాభైలు 450 మెగావాట్ గంటలు.

ఎనిమిది నుంచి సాయంత్రం అయిదు దాకా తొమ్మిది గంటలు పలకలే నేరుగా ఇస్తాయి. 1,350 మెగావాట్ గంటలు. అదే సమయంలో మిగిలిన ఎండతో బ్యాటరీ నిండాలి. మధ్యాహ్నం పలకలు 375 మెగావాట్లు ఇస్తున్నాయనుకోండి. 150 లైన్లలోకి పోతుంది, 225 బ్యాటరీలోకి. బ్యాటరీ జోరు 225 అని రాసుకున్నది ఇక్కడ పనికొస్తుంది. ఖాళీ ట్యాంకు నిండటానికి ఆ జోరుతో అయిదు గంటలు పైన పడుతుంది. చలికాలపు పొట్టి పగటిలో బలమైన ఎండ ఉండేది కూడా ఇంచుమించు అంతసేపే.

సాయంత్రం అయిదు నుంచి తొమ్మిదిన్నర దాకా మళ్లీ బ్యాటరీ. నాలుగున్నర గంటలు, 675 మెగావాట్ గంటలు.

పొద్దుటి 450, సాయంత్రం 675 కలిపితే 1,125. బ్యాటరీ ట్యాంకు 1,140. రెండూ ఎంత దగ్గరగా ఉన్నాయో చూడండి. ఈ లెక్క మొదటిసారి కాగితం మీద వేసినప్పుడు నాకు చాలా సంతోషమేసింది. అప్పటిదాకా గాలిలో వేలాడుతున్న 1,140 అనే అంకె ఒక్కసారిగా నేల మీదికి దిగి, జూన్ నెల చీకటి గంటల పొడవుగా మారిపోయింది.

రోజు మొత్తం ఇవ్వాల్సింది 150ని పదహారున్నర గంటలతో గుణిస్తే 2,475 మెగావాట్ గంటలు. బ్యాటరీలో వేసిందంతా తిరిగి రాదు. వేడి రూపంలో కొంత పోతుంది. పది, పన్నెండు శాతం పోతుందనుకుంటే 1,125 తీయాలంటే సుమారు 1,280 వేయాలి. నేరుగా పంపిన 1,350 కలిపితే 2,630. పలకలు ఇస్తాయని మనం అనుకున్నది 2,700. అదీ 540 కథ. నూట యాభై అనే మాట నిలబెట్టుకోవడానికి చలికాలంలో అన్ని పలకలు కావాలి.

డిసెంబరులో ఇదే ప్లాంటు సుఖంగా ఉంటుంది. అక్కడ అది నడివేసవి. సూర్యుడు అయిదున్నర దాటగానే వస్తాడు, రాత్రి ఏడున్నర దాకా ఉంటాడు. బ్యాటరీ పని బాగా తగ్గిపోతుంది. పలకలకు ఇంకా ఎంతో ఇచ్చే శక్తి ఉంటుంది కానీ ఒప్పందం అడిగేది అదే 150. వరసగా మబ్బు పట్టిన రోజులు మాత్రం ఏ నెలలో వచ్చినా కష్టమే. ఒక రోజుకు సరిపడే ట్యాంకు రెండో రోజును ఆదుకోలేదు.

ఈ అంకెలు మరీ పెద్దవిగా అనిపిస్తే ప్లాంటును లక్షా ఎనభై వేల వంతుకు కుదించి మన డాబా మీద పెట్టుకుందాం. అప్పుడు మూడు కిలోవాట్ల పలకలు, 6.3 యూనిట్ల బ్యాటరీ ఉంటాయి. దాంతో పొద్దున అయిదు నుంచి రాత్రి తొమ్మిదిన్నర దాకా ఆగకుండా 833 వాట్లు వాడుకోవచ్చు. ఒక ఫ్రిజ్, నాలుగు ఫ్యాన్లు, దీపాలు, టీవీ నడిచి ఇంకా కొంత మిగులుతుంది. మూడు కిలోవాట్లు పెట్టి 833 వాట్లేనా అని అప్పుడు ఎవరూ అడగరు. కోత లేని ఇల్లు అంటే ఏమిటో అందరికీ తెలుసు.

1.88 రాండ్లు ఎక్కువా, తక్కువా?

ఈ ప్లాంటు మీద అసలు వాదం ధర దగ్గరే. 2021 మార్చిలో ఆ అత్యవసర టెండరు ఫలితాలు ప్రకటించినప్పుడు, ఎంపికైన బిడ్ల ధరలు యూనిట్‌కు 1.47 రాండ్ల దగ్గర మొదలై 1.88 దాకా ఉన్నాయి. కెన్‌హార్ట్‌ది పై చివర. ఒక రాండ్ మన డబ్బులో దాదాపు అయిదు రూపాయలు. అదే ఏడాది అక్టోబరులో, బ్యాటరీ షరతు లేని మామూలు గాలి, సోలార్ టెండరులో సగటు ధర 47 సెంట్లు, అంటే అర రాండ్ కూడా లేదు. ఒకే దేశం, ఒకే ఏడాది, అదే ఎండ. ధర మాత్రం నాలుగింతలు.

విమర్శకుల మాటలో బలముంది. అత్యవసరం అంటూ పిలిచిన టెండరుకు ఇరవై ఏళ్ల ఒప్పందం ఎందుకు? అత్యవసరం అన్నది మూడు, నాలుగేళ్లలో పోవచ్చు, బిల్లు మాత్రం 2043 దాకా వస్తుంది. పైగా బ్యాటరీల ధరలు ఈలోగా బాగా పడిపోయాయి. ఇప్పుడు కడితే తక్కువలో వచ్చేది. ఎస్కామ్ చార్జీలు 2023లో ఒక్కసారే 18 శాతానికి పైగా పెరిగాయి, 2025లో మళ్లీ 12 శాతం దాటాయి. బిల్లు కట్టలేక సతమతమయ్యే ఇంటికి ప్రతి సెంటూ భారమే.

సమర్థించేవాళ్లు అడిగే ప్రశ్న వేరు. సాయంత్రం ఏడు గంటలకు ఆ 150 మెగావాట్లు లేకపోతే ఏం చేసేవారు? చాలాసార్లు ఎస్కామ్ డీజిల్ టర్బైన్లు తిప్పింది. 2022-23 ప్రాంతంలో డీజిల్ కరెంటు యూనిట్‌కు అయిదు రాండ్ల పైమాటే. అలా ఒక్క ఏడాదిలో దాదాపు మూడు వేల కోట్ల రాండ్ల డీజిల్ కాల్చారు.

రెండు వాదాలనూ అదే జూన్ రోజు మీద పెట్టి చూద్దాం. ఆ రోజు కావలసింది 24.75 లక్షల యూనిట్లు. కెన్‌హార్ట్ ధరకు సుమారు 46.5 లక్షల రాండ్లు.

ఇప్పుడు రెండో దారి: పగటి 13.5 లక్షల యూనిట్లు 47 సెంట్ల మామూలు సోలార్ నుంచి, మిగతా 11.25 లక్షల యూనిట్లు అయిదు రాండ్ల డీజిల్ నుంచి. మొదటిది 6.3 లక్షలు, రెండోది 56.25 లక్షలు. మొత్తం 62 లక్షలు దాటింది. కెన్‌హార్టే చవక.

మూడో దారి: చీకటి గంటల కరెంటు డీజిల్‌తో కాకుండా, బాగా నడుస్తున్న బొగ్గు కేంద్రం నుంచి యూనిట్ ఒక రాండ్‌కు దొరికిందనుకుందాం. అప్పుడు మొత్తం ఖర్చు 17.6 లక్షల దగ్గరే ఆగుతుంది. కెన్‌హార్ట్ రెండున్నర రెట్లు ఖరీదైపోతుంది.

కాబట్టి 1.88 ఎక్కువా తక్కువా అన్నది, బొగ్గు కేంద్రాలు ఆ రోజు పనిచేస్తున్నాయా లేదా అన్నదాని మీద ఉంది. కోతలు ముదిరిన రోజుల్లో అది బేరం. బొగ్గు కేంద్రాలు కుదురుకున్న రోజున అది భారం. ఇరవై ఏళ్లలో రెండు రకాల రోజులూ వస్తాయి. నా మటుకు నాకు ఒకటి తోస్తుంది: కోత వల్ల మూతపడ్డ వెల్డింగ్ షాపు, ఫ్రిజ్‌లో పాడైన మాంసం, బావురుమన్న చిన్న హోటలు, ఇవేవీ ఈ లెక్కల్లో ఏ వరసలోనూ కనిపించవు. వాటికి యూనిట్ ధర కట్టడం కష్టం కానీ అవి సున్నా అయితే కాదు.

అదే టెండరులో అన్నిటికంటే పెద్ద వాటా, 1,220 మెగావాట్లు, టర్కీకి చెందిన కార్‌పవర్‌షిప్ కంపెనీకి దక్కింది. రేవుల్లో ఓడలు నిలిపి, వాటి మీద గ్యాస్ కాల్చి కరెంటు ఇస్తామన్నారు. 2021 జూన్‌లో పర్యావరణ శాఖ అనుమతి నిరాకరించింది. కోర్టుల్లో, అప్పీళ్లలో ఏళ్లు గడిచిపోయాయి. తక్కువ ధర చెప్పిన కాగితం కంటే కట్టి చూపిన ప్లాంటుకు ఎంత విలువ ఇవ్వాలి అన్నది కూడా ఈ చర్చలో భాగమే.

ఒక్క ప్లాంటుతో కోతలు పోయాయా?

2024 మార్చి చివర నుంచి దాదాపు పది నెలలు దక్షిణాఫ్రికాలో లోడ్ షెడ్డింగ్ లేదు. కెన్‌హార్ట్ మొదలైంది దానికి కొద్ది నెలల ముందు. రెండిటినీ ముడిపెట్టాలని ఎవరికైనా అనిపిస్తుంది. లెక్క ఒప్పుకోదు. స్టేజ్ 1 వెయ్యి మెగావాట్లు. కెన్‌హార్ట్ ఇచ్చేది 150. అంటే ఒక స్టేజ్‌లో ఆరో వంతు కూడా నిండదు. స్టేజ్ 6 రోజున ఇలాంటివి నలభై కావాలి.

కోతలు తగ్గడంలో ప్రధాన పాత్ర రెండిటిది. ఎస్కామ్ బొగ్గు కేంద్రాల మరమ్మతులు మెరుగయ్యాయి, ఆగిపోయిన యూనిట్లు తిరిగి వచ్చాయి. రెండోది జనమే. కోతలు భరించలేక స్తోమత ఉన్న ఇళ్లు, దుకాణాలు, ఫ్యాక్టరీలు సొంతంగా పలకలు పెట్టుకున్నాయి. 2024 నాటికి అవి దేశమంతా కలిపి అయిదు వేల మెగావాట్లు దాటాయి. పగటిపూట గ్రిడ్ మీద భారం ఆ మేరకు తగ్గింది. 2025 జనవరి చివర కోతలు మళ్లీ వచ్చాయి, ఫిబ్రవరిలో స్టేజ్ 6 దాకా వెళ్లాయి కూడా. అంటే జబ్బు తగ్గింది కానీ పూర్తిగా నయమైపోలేదు.

మేడల మీది సోలార్ ఇంకో చిక్కు తెచ్చింది. మధ్యాహ్నం కరెంటు మిగులుతోంది, సాయంత్రం ఒక్కసారిగా కొరత. 2025లో ఎస్కామ్ పెద్ద వినియోగదారుల టారిఫ్ వేళలు మార్చింది. పొద్దుటి ఖరీదైన వేళను మూడు గంటల నుంచి రెండుకు కుదించి, సాయంత్రాన్ని రెండు నుంచి మూడుకు పెంచింది. సాయంత్రపు యూనిట్ విలువ పెరిగిందని ఇంతకంటే సూటిగా ఎవరూ చెప్పలేరు. కెన్‌హార్ట్ లాంటి ప్లాంటు అమ్మేది సరిగ్గా ఆ యూనిట్‌నే.

ఎండను సాయంత్రానికి మోసుకెళ్లే దారి బ్యాటరీ ఒక్కటే కాదు. అదే నార్తర్న్ కేప్‌లో పోస్ట్‌మాస్‌బర్గ్ దగ్గర రెడ్‌స్టోన్ అనే 100 మెగావాట్ల కేంద్రంలో అద్దాలతో ఎండను ఒక గోపురం మీదికి మళ్లించి, ఉప్పును కరిగించి, ఆ వేడిని పన్నెండు గంటలకు సరిపడా దాచుకుంటారు. ఎస్కామ్‌కి ఇంగులా, డ్రాకెన్స్‌బర్గ్ దగ్గర నీటిని పైకి తోడి, కావాలన్నప్పుడు కిందికి వదిలే కేంద్రాలున్నాయి. మన శ్రీశైలం ఎడమగట్టులో, నాగార్జునసాగర్‌లో ఉన్న రివర్సిబుల్ టర్బైన్లు చేసేదీ, కర్నూలు వైపు పిన్నాపురం దగ్గర కట్టినదీ ఇదే పని. నిల్వ అక్కర్లేని దారి కూడా ఒకటుంది: వాడకాన్నే ఎండ ఉన్న వేళకు జరపడం. వ్యవసాయ మోటార్లకు రాత్రి బదులు పగలు కరెంటు ఇస్తే రైతు పాము భయం లేకుండా నీళ్లు పెట్టుకుంటాడు, సోలార్ కరెంటు నేరుగా ఖర్చవుతుంది. సాయంత్రం వంటను మాత్రం మధ్యాహ్నానికి జరపలేం. కెన్‌హార్ట్ బ్యాటరీలు ఉన్నది ఆ వంట కోసం.

ఎండ ఒకచోట, ఊళ్లు ఒకచోట

879 హెక్టార్లు, అంటే సుమారు 2,170 ఎకరాల్లో ఈ ప్లాంటు ఉంది. నార్తర్న్ కేప్‌లో నేలకు కొదవ లేదు. కొదవ లైన్లకు. దేశపు గ్రిడ్‌ను ఈశాన్యాన మ్పుమలాంగా రాష్ట్రంలోని బొగ్గు గనుల చుట్టూ కట్టారు. ఎండ, గాలి ఉన్నది పడమటి వైపు. 2022 డిసెంబరులో ఒక పెద్ద టెండరులో 3,200 మెగావాట్ల గాలి కరెంటు తీసుకోవాలనుకుంటే ఒక్క ప్రాజెక్టు కూడా ఎంపిక కాలేదు, కారణం కేప్ రాష్ట్రాల లైన్లలో ఇక ఖాళీ లేకపోవడం. రానున్న పదేళ్లలో సుమారు 14,000 కిలోమీటర్ల కొత్త లైన్లు కావాలన్నది ఎస్కామ్ అంచనా.

ఈ దూరం మనుషుల జీవితాల్లోనూ ఉంది. 2022 అక్టోబరు చివర మ్పుమలాంగాలోని కొమాటి బొగ్గు కేంద్రంలో ఆఖరి యూనిట్ ఆపేశారు. అక్కడ సోలార్, బ్యాటరీలు పెట్టి ఊరిని నిలబెడతామని ప్రపంచ బ్యాంకు రుణంతో పథకం వేశారు. మూత ముందు వచ్చింది, కొత్త పనులు వెనక నడిచాయి. కేంద్రం మీద బతికిన కాంట్రాక్టు కార్మికులు, చిన్న దుకాణదారులు నష్టపోయామని చెబుతూనే ఉన్నారు. సోలార్ ప్లాంటు కట్టేటప్పుడు వందల చేతులు కావాలి, నడిపేటప్పుడు కొద్దిమందే చాలు, అదీ వందల కిలోమీటర్ల అవతల. బొగ్గు కార్మిక సంఘాల భయాన్ని వెనకబాటుతనం అని కొట్టిపారేసేవాళ్లు ఈ దూరాన్ని ఒకసారి మ్యాపులో చూడాలి.

కెన్‌హార్ట్ లాంటి ఊళ్లకేం దక్కుతుంది అన్నదానికి అక్కడి టెండర్లలో ఒక మంచి నియమం ఉంది. ప్లాంటుకు యాభై కిలోమీటర్ల లోపు ఉన్న జనానికి ట్రస్టు ద్వారా కొంత వాటా ఇవ్వాలి, ఊరి అభివృద్ధికి ఆదాయంలో కొంత ఖర్చు పెట్టాలి. కాకపోతే వాటా కొనడానికి ట్రస్టులు చేసేది అప్పే. ఆ అప్పు తీరేదాకా లాభం ఊరిదాకా రావడం కష్టం. పాత ప్లాంట్ల దగ్గర ఈ అసంతృప్తి చాలా ఏళ్లుగా వినిపిస్తోంది.

రాత్రి తొమ్మిదిన్నర తర్వాత

తొమ్మిదిన్నరకు కెన్‌హార్ట్ మాట ఆ రోజుకు పూర్తవుతుంది. అప్పటి నుంచి పొద్దున అయిదు దాకా దేశాన్ని నడిపేది ఎక్కువగా బొగ్గే. దానికి తోడు కేప్‌టౌన్ దగ్గరి కూబర్గ్ అణు కేంద్రం, మొజాంబిక్‌లోని కహోరా బాసా ఆనకట్ట నుంచి వచ్చే కరెంటు. ఆ ఏడున్నర గంటలు కూడా ఇదే పద్ధతిలో ఇవ్వాలంటే రోజుకు ఇంకో 1,125 మెగావాట్ గంటలు కావాలి. అంటే ఇప్పుడున్నంత బ్యాటరీ మరొకటి. దాన్ని నింపడానికి, మన చలికాలపు లెక్కలోనే, సుమారు 250 మెగావాట్ల పలకలు అదనం. ఎవరూ అడగలేదు కాబట్టి అవి అక్కడ లేవు. ఉన్న బ్యాటరీలో మాత్రం, జూన్ రాత్రి అందరూ నిద్రపోయాక కూడా, 450 మెగావాట్ గంటలు ఖర్చు కాకుండా ఉంటాయి. అవి తెల్లవారుజామున అయిదింటికి మొదలయ్యే మూడు గంటల చీకటి కోసం.